నడుమెత్తు మడి

బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీకి వచ్చినవాళ్ళెవరైనా ముందు నునుపు చూస్తారు, తర్వాత రంగు చూస్తారు, ఆ పైన ధర దగ్గర గొడవపడతారు. పక్కన పోసిన పగిలిన ముక్కల గుట్ట వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. ఆ సాయంత్రం వచ్చిన అమ్మాయి మాత్రం స్కూటీ ఆపి నేరుగా ఆ గుట్ట ఎక్కేసింది. చున్నీ నడుముకు బిగించి, ఒక్కో ముక్కనూ తిరగేసి చూడడం మొదలుపెట్టింది.

నాగరాజ్ పాలిషింగ్ మిషన్ ఆపి బయటికొచ్చాడు. తల మీది నుంచి కాళ్ళ దాకా తెల్లటి రాతిపొడి. కనురెప్పలను కూడా వదల్లేదు.

"మేడం, దిగండి. ఆ గుట్ట జారుతాది."

ఆమె తిరిగి చూసింది. అతను గుర్తుపట్టాడు. రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే అమ్మాయి. పోయిన నెల చిల్లర లేదన్నందుకు అతన్ని పక్కకు నిలబెట్టి, వెనకున్న వాళ్ళందరికీ టికెట్లిచ్చి, తీరా అతని వంతు వచ్చేసరికి నంద్యాల రైలును సాగనంపిన మహాతల్లి.

"ఓ, చిల్లర లేని అన్న" అందామె. ఆమె కూడా గుర్తుపట్టింది.

చిల్లర లేనివాడని ఎన్నిసార్లన్నా పడేవాడే. చివర తగిలించిన 'అన్న' మాత్రం నాగరాజ్‌కి అరికాలిలో రాతిముక్క గుచ్చుకున్నట్టు తగిలింది. ఎందుకు తగిలిందో అతనికే తెలియదు.

"ముక్కలు ఎందుకు మేడం? గుంత పూడ్చల్లనా?"

"మడి కట్టల్ల. కూరగాయలకు."

"రాళ్ళతోనా?"

"రాళ్ళతోనే. ఇంత ఎత్తు." ఆమె చేయి నడుము దగ్గర పెట్టింది. మళ్ళీ ఆలోచించి బెత్తెడు పైకి జరిపింది. "కాదు, ఇంత. మా నాయన నా కన్నా పొడుగు."

నాగరాజ్ నవ్వాడు. "మడి అంటే నేల మీద కదా ఉండేది? మా ఊర్లో మేమే నేల తవ్వి కిందికి పోతాంటే, మీరు మట్టిని పైకి ఎక్కిస్తాండారా?"

ఆమె నవ్వలేదు. గుట్ట దిగి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. పేరు శివజ్యోతి. వాళ్ళది నందికొట్కూరు దగ్గర పల్లె. తండ్రి గోపన్న పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కూరగాయలు పండించినవాడు. నిరుడు తుంటి ఎముక విరిగి కర్నూలులో ఆపరేషన్ అయింది. ఇక వంగకూడదు, గొంతుక్కూర్చోకూడదు అన్నారు డాక్టర్లు. చేను కౌలుకిచ్చి కూతురితో బేతంచెర్ల వచ్చేశాడు. వచ్చినప్పటి నుంచీ కుర్చీలో కూర్చుని గోడ చూస్తున్నాడు.

"తింటాడు, పండుకుంటాడు. మాట్లాడడు. మట్టి ముట్టుకుంటే మనిషి మళ్ళా మనిషి అయితాడని నా నమ్మకం. వంగలేడు కాబట్టి మట్టినే ఆయన చేతి కాడికి తేవల్ల" అంది జ్యోతి. "ఇది కుదరకపోతే ట్రాన్స్‌ఫర్ అడుక్కొని ఊరికి దగ్గరగా పోతా. ఆ ఊరి గాలన్నా తగుల్తాది."

నాగరాజ్ నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. ఒక మనిషి కోసం నేలను నడుము దాకా ఎత్తాలనుకుంటున్న పిల్లను అతను అంతకుముందు చూసి ఉండలేదు. చేతిలో గుడ్డ ఉన్న సంగతి మరిచి, తెల్లటి చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు.

"ముక్కలతో వద్దు మేడం. మంచి బండలతోనే కడతా. నేనే వచ్చి కడతా."

"ముక్కలు శాలు అన్నా."

"అన్నా అనకుండా ఉంటే ఇంకా బాగా కడతా" అందామనుకున్నాడు. అనలేదు.

*

ఇంటి ఓనరు దావీదురాజు ముందు వాటాలో ఉంటాడు. రిటైరైన పీటీ మాస్టారు. వాకిలి నుంచి పెరడు దాకా అద్దంలా మెరిసే బండలు పరిపించుకుని, పొద్దున లేస్తే గుడ్డ పట్టుకుని వాటి వెంటే తిరుగుతాడు.

"కట్టుకోండి, నాకేం అడ్డం లేదు" అన్నాడాయన. "కానీ నా బండల మీద ఒక్క బురదచుక్క కనపడిందంటే మాత్రం మడీ ఉండదు, మీరూ ఉండరు."

"చుక్క కూడా కారకూడదంట" అని జ్యోతి నాగరాజ్‌కి గట్టిగా చెప్పింది.

రాతిపనివాడికి ఆ మాట చెప్పడమంటే ఈతగాడికి ఏరు చూపించడమే. నాగరాజ్ రాతికాళ్ళు నిలబెట్టాడు. కాళ్ళ మీద మోచేయి లోతున రాతి తొట్లు కట్టాడు. అడుగున అతుకే లేని ఒకే బండ వేశాడు. గోపన్న కుర్చీ ముందుకు జరుపుకుంటే మోకాళ్ళు తొట్టి కిందికి సరిపోయేలా కొలత చూసుకున్నాడు. మూలల అతుకుల్లో తెల్ల సిమెంటు, రాతిపొడి కలిపి వేలితో రుద్ది రుద్ది నింపాడు. వాళ్ళ పనిలో అతుకు కారితే తలెత్తుకోలేరు. పని ముగించి, తొట్టి నిండా నీళ్ళు పోసి, గట్టున గీత గీసి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున నలుగురూ తొట్టి చుట్టూ చేరారు. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి.

దావీదురాజు కిందికి వంగి బండ అడుగున చేయి పెట్టి చూసుకున్నాడు. పొడిగా ఉంది. "పనిమంతుడివప్పా" అన్నాడు.

కుర్చీలోంచి గోపన్న ఆ నీళ్ళనే చూస్తున్నాడు. "మా చేన్లో పొద్దున పారించిన నీళ్ళు మధ్యాన్నానికి కనపడేవి కావు" అన్నాడు మెల్లగా. "ఈ పిల్లోడు నిలబెట్టినాడే."

జ్యోతి గబుక్కున తండ్రి వైపు తిరిగింది. వచ్చినప్పటి నుంచీ ఆయన నోట అంత పొడుగు మాట ఆమె విననేలేదు.

ఊరి నుంచి ట్రాక్టర్లో ఎర్రమట్టి వచ్చింది, పశువుల ఎరువు వచ్చింది. తొట్లు నిండాక జ్యోతి తండ్రిని లేపి నిలబెట్టింది. గోపన్న ఒక చేత్తో గట్టు పట్టుకుని, ఇంకో చేయి మట్టిలో పెట్టాడు. వెంటనే తీయలేదు. కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు మట్టిలోపల కదులుతున్నాయి. గడ్డను పట్టుకుని చిదిపి, పొడి చేసి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు.

నాగరాజ్‌కి ఆ వేళ్ళ మీది నుంచి చూపు తిప్పబుద్ధి కాలేదు. గనుల్లో పుట్టి పెరిగినవాడికి మట్టి అంటే రాయికి అడ్డం. ముందు దాన్ని తోసి పారేస్తేనే అసలు పని మొదలు. ఆ పారేసే దాన్ని ఒక మనిషి పసిబిడ్డ తలను నిమిరినట్టు నిమరడం అతనికి కొత్త. తను ఇన్నేళ్ళుగా లారీలకు లారీలు ఏం పారబోశాడో ఆ క్షణంలో మొదటిసారి తెలిసినట్టయింది.

"ఏమప్పా, అట్ల చూస్తాండావు?" అని గోపన్న అడిగాడు.

"ఏమీ ల్యా పెదనాయనా. ఊరికే."

ఆ పూటే వంగ, టమాటా, మిరప నారు పెట్టారు. సాయంత్రానికి నారంతా తలలు వాల్చేసింది. నాగరాజ్ ముఖం కూడా వాలిపోయింది. తెల్లారకముందే వచ్చి గేటు దగ్గర నిలబడితే, బొరుగుల ఉగ్గాని గిన్నెతో జ్యోతి ఎదురొచ్చింది.

"ఇంత పొద్దున్నే ఏమి?"

"ఇట్ల పోతాంటే..."

"మీ ఫ్యాక్టరీ అట్ల గదా ఉండాది?"

అతను ఆమె భుజం మీదుగా తొట్టి వైపు చూస్తూ నిలబడిపోయాడు. నారు లేచింది. రాత్రి చచ్చిపోయాయనుకున్నవన్నీ బడిపిల్లల్లా నిటారుగా నిలబడ్డాయి. ఆకుల చివర నీటిబొట్లు.

"ఎవరు లేపినారు వీటిని?" అన్నాడు.

జ్యోతి అతని ముఖం చూసింది. ఆటపట్టించాలనుకుంది కానీ ఎగతాళికి నోరు రాలేదు. అంత పెద్ద మగవాడు, చేతిలో బైకు తాళం, కళ్ళు ఇంతలేసి చేసుకుని మిరప నారు ముందు నిలబడి ఉంటే ఏం అంటుంది. "తిని పో నాగరాజ్" అని గిన్నె అందించింది.

అన్నా అనలేదు. ఆ సంగతి నాగరాజ్ ఫ్యాక్టరీకి పోయాక, మిషన్ ముందు నిలబడ్డాక గమనించాడు. ఆ రోజు పాలిష్ చేసిన బండల్లో ముఖం చూసుకుని నవ్వుకున్నాడు.

*

ఆ తర్వాత నాగరాజ్ బండల లోడు తీసుకుని బెంగళూరు పోవాల్సి వచ్చింది. అక్కడ పెద్ద ఇంటికి ఫ్లోరింగ్ పని, కదలడానికి లేదు. పోయిన మరునాటి నుంచే సీమ అంతా ముసురు పట్టింది. ఫోన్లో జ్యోతి సంబరంగా చెప్పింది. "వాన పడతాండాది. మా నాయన కిటికీ కాడ కూర్చోని చూస్తాండాడు. నీ తొట్లలో చుక్క కూడా వృథా కావడం ల్యా."

నాగరాజ్ మురిసిపోయాడు. వాన ఎక్కువైందని బాధపడిన మనిషి ఆ ప్రాంతంలో ఇంకా పుట్టలేదు.

తర్వాత ఆమె ఫోన్లు తగ్గాయి. ఆ తర్వాత చేసినా ఎత్తడం లేదు. "కొన్నాళ్ళు ఇంటికి రావద్దు" అని మెసేజ్ పెట్టింది. నాగరాజ్ ఆ మూడు మాటలను అటు తిప్పి ఇటు తిప్పి చదివాడు. ఏం తప్పు మాట్లాడాను, ఎప్పుడు మాట్లాడాను అని తనను తాను అడిగి అడిగి, పని ముగిసీ ముగియగానే బయల్దేరి తిన్నగా స్టేషన్‌కు వచ్చాడు. టికెట్ కొనేవాణ్ణి రావద్దు అనడానికి లేదు కదా.

"నంద్యాలకు ఒకటి."

జ్యోతి తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఒక్కరేనా?" అంది అలవాటుగా.

"ఇద్దరైతే బాగుంటాది. ప్రస్తుతానికి ఒకటే."

ఇదివరకైతే పెదవి బిగించి నవ్వు ఆపుకునేది. ఈసారి టికెట్ల మిషన్ వైపు చూస్తూ ఉండిపోయింది.

"నా మీద కోపమా?"

"వెనక జనం ఉండారు."

"ఉండనీ. ఏం జరిగిందో చెప్తే పోతా."

"మొక్కలన్నీ పోయినాయి" అంది. "పసుపు తిరిగి, నల్లబడి, అన్నీ పోయినాయి. మా నాయన తన చెయ్యి సచ్చిపోయిందంటాండాడు. ఎవురికీ ముఖం చూపియ్యనంటాడు, అందుకే నిన్ను రావద్దన్యా. మళ్ళా గోడ దిక్కు తిరిగి కూర్చున్యాడు. ఇంతకు ముందు కన్నా అన్యాయం. ట్రాన్స్‌ఫర్‌కి పెట్టేసినా నాగరాజ్."

వెనక ఒకాయన, "రైలు వచ్చేస్తాంది, పెళ్ళిమాటలు తర్వాత మాట్లాడుకోండప్పా" అన్నాడు. ఇద్దరూ వినిపించుకోలేదు. నాగరాజ్ టికెట్ తీసుకోకుండానే బయటికి నడిచాడు.

*

గోపన్న నిజంగానే గోడ వైపు తిరిగి ఉన్నాడు. తలుపు చప్పుడైనా తిరగలేదు.

"పెదనాయనా."

"ఈ చెయ్యి పెట్టిన నారు ఎండకు మాడింది ఉండాది, పురుగు తిన్నది ఉండాది" అన్నాడు గోపన్న గోడతోనే. "నీళ్ళుండి, ఎరువుండి, ఊరికే సచ్చిపోయింది మాత్రం ల్యా. నేను ఊరు ఇడిసిపెట్టినా. నా చెయ్యి నన్ను ఇడిసిపెట్టింది. అంతే."

నాగరాజ్ పెరట్లోకి వెళ్ళాడు. ముసురు విడిచింది. తొట్లలో నల్లటి కాడలు వాలి ఉన్నాయి. ఏం చేయాలో తోచక, గోపన్న చేసినట్టే మట్టిలో చేయి పెట్టాడు. పైన తడిగా, మెత్తగా ఉంది. ఇంకా లోపలికి దించాడు. మోచేయి దగ్గరపడేసరికి చేతికి చల్లటి బురద తగిలింది. దాని కింద నీళ్ళు. చేయి బయటికి తీస్తే కుళ్ళిన కంపు.

చాలాసేపు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. పడిన వానంతా అందులోనే ఉంది. పోవడానికి దారి లేదు. దారి లేకుండా కట్టింది తను. వేలితో రుద్ది రుద్ది మూసింది తను. గీత గీసి, గర్వంగా అందరికీ చూపించింది తను. అది మడి కాదు, నీళ్ళ తొట్టి.

బైకు పెట్టెలో డ్రిల్లు ఉంది. ఎవరికీ చెప్పకుండా అడుగున బొక్కలు పెట్టేస్తే సరిపోతుంది. మళ్ళీ నారు పెడితే బతుకుతుంది. జ్యోతి దృష్టిలో తను పనిమంతుడిగానే ఉంటాడు. కానీ లోపల కూర్చున్న మనిషి తన చేయి ఒకసారి చచ్చిందనే అనుకుంటూ బతుకుతాడు. నాగరాజ్ అంతకు మించి ఆలోచించలేదు. బురద చేయి అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళి, గోడకూ గోపన్నకూ మధ్య కింద కూర్చున్నాడు.

"వాసన చూడండి."

గోపన్న ముఖం చిట్లించాడు. తర్వాత ముక్కు ముందుకు జరిగింది. కళ్ళు మారాయి.

"మురిగిన నీళ్ళు."

"అడుగున నిలబడిండాయి. పోయేదానికి నేను దారి పెట్టలేదు. బండలు పరిచేవాన్ని, కారకుండా కట్టడం ఒకటే తెలుసు నాకు. సచ్చింది మీ చెయ్యి కాదు పెదనాయనా. మొక్కల్ని సంపింది నా చెయ్యి."

గుమ్మం దగ్గర జ్యోతి. డ్యూటీ ఎవరికో అప్పజెప్పి అతని వెనకే వచ్చేసింది. అంతా విన్నది. నాగరాజ్ తల ఎత్తలేకపోయాడు.

"చుక్క కూడా కారకూడదని చెప్పింది నేనే" అందామె.

"ఆ నీళ్ళు చూసి మురిసింది నేను" అన్నాడు గోపన్న. "బతుకంతా నీళ్ళు నిలబడితే శాలు దేవుడా అనుకున్నోన్ని. నిలబడితే సంపుతాయని నాకు మాత్రం యాడ తోస్తాది." ఆయన భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమోనని జ్యోతి పరుగున వచ్చింది. ఏడవడం లేదు, నవ్వుతున్నాడు. "పోప్పా, పొయి బొక్కలు పెట్టు."

నాగరాజ్ తొట్టి కింద పడుకుని డ్రిల్లు పెట్టాడు. తన చేతుల్తో నునుపు చేసిన బండ. గిర్రున తెల్లపొడి రాలింది, ఆ తర్వాత నల్లటి నీళ్ళు ముఖం మీదే పడ్డాయి. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. దావీదురాజు మెరిసే బండల మీద బురద కాలువలు కట్టింది. చప్పుడుకు ఆయన బయటికొచ్చాడు.

ఆయన బురదను చూశాడు. గోడ వైపు కాకుండా తొట్టి వైపు తిరిగి, గట్టు పట్టుకుని నిలబడిన గోపన్నను చూశాడు. లోపలికి వెళ్ళి, బకెట్టూ చీపురూ తెచ్చాడు. "ఆ బొక్క కింద ఇది పెట్టు. కడిగేది నేను కడుక్కుంటాలే" అన్నాడు.

ముఖమంతా బురదతో తొట్టి కింద నుంచి బయటికొచ్చిన నాగరాజ్‌ను చూసి జ్యోతి నవ్వింది. చున్నీ కొసతో అతని కళ్ళు తుడిచింది. తుడిచాక చేయి తీయడం కాసేపు మరిచిపోయింది.

"నన్ను తిట్టవా?" అన్నాడు.

"ఎవురికీ తెలీకుండా బొక్కలు పెట్టిండొచ్చు గదా?"

"పెట్టిండొచ్చు."

"అందుకే తిట్టను" అంది.

*

ఈసారి నారు వద్దన్నాడు గోపన్న. చిక్కుడు గింజలు తెప్పించాడు. ఒకటి తను పెట్టి, రెండోది నాగరాజ్ అరచేతిలో వేశాడు. "నువ్వు పెట్టు."

"నేనా? నా చేతికి రాయి తప్ప ఏమీ తెలీదు పెదనాయనా."

"గింజకు నీ కులవృత్తి ఏమని అడిగే పని లేదు. వేలితో గుంత చెయ్యి, పెట్టు, మూయి. మళ్ళా మళ్ళా తవ్వి చూడొద్దు."

ఆ చివరి మాటే కష్టమైంది. నాగరాజ్ రోజూ వచ్చేవాడు, చూసేవాడు, పోయేవాడు. మట్టి మట్టిలాగే ఉండేది. అందులో తను పెట్టింది ఉందో లేదో కూడా తెలియదు. రాయిలో అన్నీ కొట్టిన వెంటనే కనిపిస్తాయి. ఇక్కడ కనిపించని దాని మీద నమ్మకం పెట్టుకుని నిద్రపోవాలి.

ఒకనాడు పొద్దున్నే జ్యోతి ఫోన్ చేసింది. "రా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

అతను వచ్చేసరికి గోపన్న తొట్టి ముందు కుర్చీలో ఉన్నాడు. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. నాగరాజ్ వంగి చూశాడు.

మట్టి నెర్రె విచ్చింది. ఆ నెర్రెలోంచి పాలిపోయిన మెడ ఒకటి వంగి పైకొస్తోంది. తల మీద మట్టిగడ్డ. తన కన్నా పదింతలు బరువైన గడ్డను నెత్తిన ఎత్తుకుని, ఎవరి సాయమూ లేకుండా, తొందరేమీ లేకుండా లేస్తోంది. మందుగుండు పెడితే గానీ కదలని నేలను చూసినవాడతను. మోకులు కట్టి, జాకీలు పెట్టి, పదిమంది కేకలు వేస్తూ లేపిన బండలను చూసినవాడు. ఇంత చిన్న ప్రాణి, ఇంత బరువు, చప్పుడే లేదు. నాగరాజ్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకున్నాడు. కళ్ళు తడిశాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"జ్యోతీ" అన్నాడు. గొంతు గుసగుసలా వచ్చింది. "నాకు భయమైతాండాది."

"దేనికి?"

"ఏమో. దీన్ని చూస్తాంటే. నిన్ను చూసినా ఇట్లే అయితాది. మొదట గుట్ట ఎక్కినప్పుడే అయింది. మోయలేనంత పని నెత్తికెత్తుకొని, నువ్వేమో ఏమీ లేనట్టు నిలబడింటివి. నువ్వు ఆ ట్రాన్స్‌ఫర్ మీద పొయ్యావంటే నేను మళ్ళా రాళ్ళల్లోనే ఉండిపోతా."

జ్యోతి, కట్టుకున్న అతని చేతుల్లోంచి ఒకదాన్ని విడదీసి, తన చేతిలోకి తీసుకుంది. రాతిపొడికి గరుకు తేలిన చేయి అది.

"నిన్ననే వద్దని చెప్పేసినా" అంది. "మా నాయన ఈడ నుంచి కదలనంటాండాడు. నేను కూడా కదలను."

గోపన్న వెనక్కి తిరగలేదు. మొలక మీదే చూపు నిలిపి, "మీ అమ్మను ఎప్పుడు పిల్చుకొనొస్తావప్పా?" అన్నాడు.

నాగరాజ్ ఉలిక్కిపడ్డాడు. జ్యోతి చేయి వదలబోయింది, అతను వదలనివ్వలేదు. "ఇప్పుడే పొయ్యి పిల్చుకొనొస్తా పెదనాయనా."

"రేపు పో. లేచింది నేను పెట్టిన గింజ. నీది ఇంకా లోపలే ఉండాది. అది లేసేది చూడకుండా యాడికి పోతావు?"

నాగరాజ్ పోలేదు. ముగ్గురూ ఆ ఎర్రటి మట్టి వైపే చూస్తూ, ఊపిరి కూడా నెమ్మదిగా పీలుస్తూ ఉండిపోయారు. ఎండ గోడ దిగి తొట్టి గట్టు మీదికి వచ్చింది. అప్పుడు, చూస్తుండగానే, మట్టి కదిలింది.